ఐసీయూలో ఊపిరాడని రోగికి బెడ్ పక్కనే లంగ్ అల్ట్రాసౌండ్ ఎలా చేయాలి

"ప్రోబ్ పెట్టాను సార్, తెల్ల గీతలు కనిపిస్తున్నాయి. లాసిక్స్ ఇచ్చేయనా?" ఐసీయూలో నైట్ డ్యూటీ చేసే జూనియర్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇది. లాసిక్స్ అంటే మూత్రం పెంచి ఒంట్లో నీరు తీసే డైయూరెటిక్ మందు. దాని తర్వాతిది, "స్లైడింగ్ లేదు సార్, ఛాతీ ట్యూబ్ వేసేయాలా?" స్లైడింగ్ అంటే శ్వాసతో పాటు ఊపిరితిత్తి పైపొర జారడం. రెండిటికీ నేను చెప్పేది ఒకటే. ఆగండి, ఛాతీలో మిగతా చోట్ల ఏముందో చూసి చెప్పండి. ఒక్క చోట ఒక్క గుర్తు చూసి మందు ఇచ్చేస్తే తప్పు జరుగుతుంది. అదే పరీక్షను వరుసగా చేస్తే, ఎక్స్‌రే ప్లేటు వచ్చేలోపే రోగికి ఏం కావాలో తేలిపోతుంది.

ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. మెషీన్ ఆన్ చేసి ప్రోబ్ పట్టుకోవడం వచ్చిన డ్యూటీ డాక్టర్ కోసం ఇది.

ముందు తెలియాల్సింది కొంచెమే

అల్ట్రాసౌండ్ గాలిని దాటి లోపలికి పోలేదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి తెర మీద కనిపించదు. కనిపించేది దాని పైపొర, అంటే ప్లూరా గీత. దాని కింద అదే గీత నీడలు సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తాయి. అవి ఎ-లైన్లు. గాలి తగ్గి నీరు పెరిగే కొద్దీ ప్లూరా నుంచి కిందికి నిలువు గీతలు దిగుతాయి. అవి బి-లైన్లు. గాలి పూర్తిగా పోతే ఊపిరితిత్తి కాలేయంలా గట్టి కణజాలంగా కనిపిస్తుంది. అది కన్సాలిడేషన్. మిగతా సిద్ధాంతం తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు.

కావలసినవి

- ఎం-మోడ్ (ఒకే గీత మీది కదలికను కాలంతో పాటు చూపేది) ఉన్న ఏ అల్ట్రాసౌండ్ మెషీన్ అయినా సరే. పాతదైనా పరవాలేదు.
- కర్విలీనియర్ ప్రోబ్, 2 నుంచి 5 మెగాహెర్ట్జ్. ఒక్కటే దొరికితే ఇదే తీసుకోండి.
- లీనియర్ ప్రోబ్, 5 నుంచి 12 మెగాహెర్ట్జ్. స్లైడింగ్, ప్లూరా అంచు, కాళ్ల సిరలు చూడటానికి.
- ఈ రెండూ లేకపోతే గుండె చూసే ఫేజ్డ్ అర్రే ప్రోబ్. పక్కటెముకల సందుల్లో బాగా ఇముడుతుంది. నీరు, బి-లైన్లు చూడటానికి సరిపోతుంది కానీ స్లైడింగ్ దీంతో సరిగా తెలియదు.
- జెల్, ప్రోబ్ తుడిచే డిసిన్ఫెక్టెంట్ వైప్స్.
- రోగిని కొంచెం పక్కకు ఒత్తిగించడానికి ఒక మనిషి.
- ఛాతీ బొమ్మ గీసిన కాగితం. కనిపించింది వెంటనే రాయకపోతే, ఎడమవైపు ఏముందో కుడివైపు పూర్తయ్యేసరికి మర్చిపోతారు.

చేయాల్సిన వరుస

1. ముందు రోగిని చూడండి, తర్వాతే తెర.

ఆక్సిజన్ అందుతోందా, ట్యూబ్ (ఇంట్యుబేషన్‌లో వేసిన శ్వాస గొట్టం) సరిగా ఉందా, బీపీ ఎంత, వెంటిలేటర్ ప్రెజర్లు ఎంత అన్నది ముందు చూసుకోండి. బీపీ పడిపోతూ, ఎయిర్‌వే ప్రెజర్ ఎగబాకుతూ, ఒక పక్క శ్వాస శబ్దాలు లేని రోగికి టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గుండెను నొక్కేయడం) అనిపిస్తే మెషీన్ కోసం ఆగకండి. అది పక్కనే ఆన్‌లో ఉంటే రెండు క్షణాలు చూడండి, లేకపోతే ముందు గాలి తీయండి.

ప్రోబ్ పెట్టే ముందు మీ ప్రశ్నను కాగితం మీద రాయండి. "ఇంట్యుబేట్ చేసిన పది నిమిషాలకు శాచురేషన్ ఎందుకు పడింది?" అన్నది ఒక ప్రశ్న. "లంగ్స్ ఎలా ఉన్నాయి?" అని రాస్తే దానికి జవాబు దొరకదు.

2. మెషీన్ సెట్ చేయండి.

లంగ్ ప్రీసెట్ ఉంటే అదే వాడండి. లేకపోతే అబ్డామెన్ ప్రీసెట్ తీసుకుని టిష్యూ హార్మోనిక్స్, కాంపౌండ్ ఇమేజింగ్ ఆపేయండి. ఇవి బొమ్మను నునుపు చేసే ఫిల్టర్లు. మనం చూసేవే ఆర్టిఫాక్టులు, అంటే నిజమైన అవయవం కాని ఉత్తుత్తి గీతలు కాబట్టి, వాటిని చెరిపేసే ఫిల్టర్ ఇక్కడ మనకు అడ్డం. ఫోకస్ ప్లూరా గీత దగ్గర పెట్టండి. లోతు స్లైడింగ్‌కి 5 లేదా 6 సెం.మీ. చాలు. బి-లైన్లకు, పక్కన, వెనక చూడటానికి 12 నుంచి 15 సెం.మీ. కావాలి. ప్రోబ్ మీది గుర్తు ఎప్పుడూ రోగి తల వైపే ఉంచండి.

3. ఎక్కడ పెట్టాలో చేతులతో కొలవండి.

ఫ్రెంచ్ ఇంటెన్సివిస్ట్ డేనియల్ లిష్టెన్‌స్టైన్ చూపిన పద్ధతి తేలిక. రోగి చేతుల సైజు ఉన్న రెండు చేతులను, బొటనవేళ్లు లెక్కలోకి తీసుకోకుండా, ఒకదాని కింద ఒకటి ఛాతీ మీద ఆనించండి. పై చేతి చిటికెన వేలు కాలర్‌బోన్‌కు ఆని ఉండాలి. పై చేతిలో మధ్యవేలు, ఉంగరపు వేలు మొదళ్ల మధ్య మొదటి చోటు. కింది అరచేతి నడిమధ్యన రెండోది. ఆ రెండో చోటు నుంచి అడ్డంగా పక్కకు వెళ్లి, చంక వెనక గీత దాటి, పరుపు అడ్డం వచ్చేదాకా వెనక్కి పోతే మూడోది. అంటే ఒక్కో పక్క మూడు, మొత్తం ఆరు. ఎమర్జెన్సీలో ఇవి చాలు.

రోజూ రోగి మార్పును పోల్చాలంటే ఒక్కో పక్క ఆరు చోట్లు చూడండి. ముందు రెండు, పక్కన రెండు, వెనక రెండు. పద్ధతి ఏదైనా రెండు పక్కలా ఒకేలా చూడాలి.

4. గబ్బిలాన్ని పట్టుకోండి.

ప్రోబ్‌ను నిలువుగా పెట్టండి. పైన ఒక పక్కటెముక, కింద ఒక పక్కటెముక, రెండిటి వెనకా నల్లటి నీడలు. మధ్యలో, పక్కటెముకల ఉపరితలం కంటే సుమారు అర సెంటీమీటరు లోతులో, తెల్లగా మెరిసే గీత. రెక్కలు చాపిన గబ్బిలంలా ఉంటుంది కాబట్టి దీన్ని బ్యాట్ సైన్ అంటారు. ఆ తెల్ల గీతే ప్లూరా. గబ్బిలం కనిపించకుండా ముందుకు పోవద్దు. కండరాల మధ్య పొరను ప్లూరా అనుకుని స్లైడింగ్ లేదని రాసిన వాళ్లను చూశాను.

చర్మం కింద గాలి చేరిన రోగిలో ఈ గబ్బిలం అసలు కనిపించదు. చర్మం దగ్గర నుంచే నిలువు తెల్ల గీతలు దిగుతాయి. అవి బి-లైన్లు కావు. మెల్లగా నొక్కి గాలిని పక్కకు తోసి చూడండి. అప్పటికీ ప్లూరా దొరక్కపోతే ఆ చోటు చూడలేకపోయామని రాసి వదిలేయండి.

5. స్లైడింగ్ ఉందా?

చేయి కదపకుండా ప్లూరా గీతనే రెండు మూడు శ్వాసల పాటు చూడండి. శ్వాసతో పాటు అది మిలమిలా అటూ ఇటూ జారాలి. అనుమానమైతే ఎం-మోడ్ వేయండి. పైన సమాంతర గీతలు, కింద ఇసుక చల్లినట్టు ఉంటే స్లైడింగ్ ఉన్నట్టే. పైనుంచి కిందిదాకా సమాంతర గీతలే ఉంటే, బార్‌కోడ్‌లా, స్లైడింగ్ లేనట్టు.

స్లైడింగ్ కనిపిస్తే ప్రోబ్ పెట్టిన ఆ చోట న్యూమోథొరాక్స్ లేదు. అందులో సందేహం పెట్టుకోనక్కర్లేదు. కానీ స్లైడింగ్ కనిపించకపోతే అది న్యూమోథొరాక్సే అని చెప్పలేం. నైట్ డ్యూటీలో ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాను.

ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి దిగిపోతే ఎడమ ఊపిరితిత్తి కదలదు. కఫం గడ్డ కట్టి బ్రాంకస్ మూసుకుపోయినా అంతే. పాత టీబీ వల్లో, ప్లూరోడెసిస్ (ప్లూరాను కావాలనే అతికించే చికిత్స) వల్లో ప్లూరా అతుక్కుపోయి ఉండొచ్చు. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో (రెండు ఊపిరితిత్తులూ వాచి దెబ్బతినే స్థితి), పెద్ద బుల్లాల (గాలి బుడగల్లా ఉబ్బిన చోట్ల) దగ్గర స్లైడింగ్ దాదాపు ఉండదు. శ్వాస ఆగిన మనిషిలో ఎలాగూ ఉండదు. వీటిని వేరు చేయడానికి మూడు విషయాలు చూడండి.

మొదటిది లంగ్ పల్స్. గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్లూరా గీత సన్నగా అదిరితే రెండు పొరలూ ఆని ఉన్నట్టు. ఆ చోట న్యూమోథొరాక్స్ కాదు. రెండోది బి-లైన్. ఒక్క బి-లైన్ ఉన్నా ఆ చోట న్యూమోథొరాక్స్ లేదు. మూడోది లంగ్ పాయింట్. ముందు వైపు స్లైడింగ్ లేకపోతే ప్రోబ్‌ను మెల్లగా పక్కకు, వెనక్కి జరుపుతూ పోండి. ఒక చోట శ్వాస తీసినప్పుడు ఊపిరితిత్తి తెరలోకి వచ్చి, వదిలినప్పుడు వెళ్లిపోతుంది. అది దొరికితే న్యూమోథొరాక్స్ ఖాయం అని దాదాపుగా చెప్పొచ్చు. అయితే గుండె అంచు దగ్గర, డయాఫ్రమ్ దగ్గర కూడా అలాంటి దృశ్యమే వస్తుంది. ఆ రెండు చోట్ల కనిపించినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే లంగ్ పాయింట్ ఎక్కడా దొరకదు. అప్పుడు నిర్ణయం రోగి పరిస్థితిని బట్టే. రోగి నిలకడగా ఉంటే ఎక్స్‌రే లేదా సీటీ తీయించండి.

6. ఎ-లైన్లా, బి-లైన్లా?

ఇప్పుడు లోతు పెంచండి. బి-లైన్ అంటే ప్లూరా దగ్గర పుట్టి, తెర చివరి దాకా వాడిపోకుండా దిగి, దారిలో ఎ-లైన్లను చెరిపేసి, స్లైడింగ్‌తో పాటు కదిలే గీత. నాలుగు లక్షణాలూ ఉండాలి. రెండు మూడు సెంటీమీటర్లకే వాడిపోయే పొట్టి గీతలు ఎవరిలోనైనా ఉంటాయి, వాటికి అర్థం లేదు.

రెండు పక్కటెముకల మధ్య మూడు లేదా అంతకంటే ఎక్కువ బి-లైన్లు ఉంటేనే ఆ చోటు పాజిటివ్. రెండు పక్కలా, ఒక్కో పక్క కనీసం రెండు చోట్ల అలా ఉంటేనే విస్తరించిన ఇంటర్‌స్టిషియల్ సిండ్రోమ్ (గాలి గదుల మధ్య కణజాలం రెండు పక్కలా మందమవడం) అనాలి. ఇది 2012లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ సిఫార్సుల్లోని కొలమానం. పడుకుని ఉన్న రోగిలో అడుగున, వెనక వైపు ఒకటి రెండు గీతలు ఉండటం మామూలే.

7. పక్కకు, వెనక్కి వెళ్లండి. ముందు డయాఫ్రమ్ కనిపించాలి.

ముందు వైపు మాత్రమే చూసి ఆపేస్తే ఐసీయూ రోగిలో సగం జబ్బు తప్పిపోతుంది. నీరూ కన్సాలిడేషనూ పడుకున్న రోగిలో వెనకే చేరతాయి. రోగిని కొంచెం ఒత్తిగించి, ప్రోబ్‌ను పరుపుకీ వీపుకీ మధ్య దూర్చి, పైకి చూసేలా పట్టుకోండి.

ముందు కుడివైపు కాలేయాన్ని, ఎడమవైపు ప్లీహాన్ని పట్టుకోండి. దాని మీద వంపు గీతలా ఉండేది డయాఫ్రమ్. దాని పైన ఉన్నదే ఛాతీ. ఈ ఒక్క నియమం తప్పితే ప్లీహం కన్సాలిడేషన్‌లా, నిండిన పొట్ట ప్లూరల్ ఎఫ్యూజన్‌లా (ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరులా) కనిపిస్తాయి. డయాఫ్రమ్ స్పష్టంగా కనిపించకుండా సూది గుచ్చవద్దు. ఇది నేను ఎవరికీ సడలించని నియమం.

మామూలు ఊపిరితిత్తి ఉంటే వెన్నెముక గీత డయాఫ్రమ్ దగ్గరే ఆగిపోతుంది. అది ఛాతీలోకి కూడా సాగి కనిపిస్తే అక్కడ నీరో కన్సాలిడేషనో ఉన్నట్టు. నీరు ఎంతుందో అంచనాకు తేలిక లెక్క ఒకటి ఉంది. రోగి వెల్లకిలా, తల వైపు 15 డిగ్రీలు ఎత్తి ఉండగా, చంక వెనక గీత మీద ప్రోబ్‌ను అడ్డంగా పెట్టి, శ్వాస వదిలిన చివర్లో రెండు ప్లూరాల మధ్య ఎక్కువ దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణించండి. 25 మి.మీ. ఉంటే సుమారు 500 మి.లీ. అంచనాగానే వాడండి.

కన్సాలిడేషన్ కనిపిస్తే లోపల మెరిసే తెల్ల చుక్కల్ని, గీతల్ని చూడండి. అవి గాలి గొట్టాల్లోని గాలి. శ్వాసతో పాటు అవి చివరల వైపు పరుగెడితే న్యుమోనియా వైపు మొగ్గండి. కదలకుండా ఉంటే గొట్టం మూసుకుపోయి ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండొచ్చు. ముందు సక్షన్, తర్వాత మళ్లీ చూడటం.

8. ముందు వైపు ఎ-లైన్లే ఉండి, స్లైడింగ్ బాగుండి, అయినా ఊపిరాడకపోతే కాళ్ల సిరలు చూడండి.

లీనియర్ ప్రోబ్‌తో గజ్జల్లో, మోకాలి వెనక నొక్కి చూడండి. సిర పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే గడ్డ ఉన్నట్టు. అప్పుడు పల్మనరీ ఎంబోలిజం (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం) బలమైన అనుమానం. కాళ్ల సిరలు మామూలుగా ఉన్నంత మాత్రాన ఎంబోలిజం లేదని మాత్రం అనుకోవద్దు.

9. అన్నీ కలిపి చదవండి.

- స్లైడింగ్ ఉంది, రెండు పక్కలా ముందు వైపు బి-లైన్లు, ప్లూరా నున్నగా ఉంది: గుండె వల్ల వచ్చిన పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు చేరడం) వైపు. గుండె కూడా చూసి నిర్ధారించుకోండి.
- బి-లైన్లు ఉన్నాయి కానీ ప్లూరా గరుకుగా ఉంది, దాని కిందే చిన్న చిన్న కన్సాలిడేషన్లు, మధ్యలో బాగున్న చోట్లు, స్లైడింగ్ తగ్గింది: ఏఆర్‌డీఎస్ లేదా న్యుమోనియా.
- ఒక పక్క బి-లైన్లు, ఇంకో పక్క ఎ-లైన్లు, లేదా ముందు వైపే కన్సాలిడేషన్: న్యుమోనియా.
- ముందు ఎ-లైన్లు, వెనక కన్సాలిడేషన్, కాళ్ల సిరలు మామూలు: ఇదీ ఎక్కువసార్లు న్యుమోనియానే.
- అన్నిచోట్లా ఎ-లైన్లు, స్లైడింగ్ ఉంది, వెనక ఏమీ లేదు, సిరలు మామూలు: ఆస్తమా, సీఓపీడీ. ఎంబోలిజాన్ని, మెటబాలిక్ ఎసిడోసిస్‌ను కూడా గుర్తుంచుకోండి.
- ఎ-లైన్లు, స్లైడింగ్ లేదు, లంగ్ పాయింట్ ఉంది: న్యూమోథొరాక్స్.

ఇది ఊపిరాడకపోవడానికి కారణాన్ని లంగ్ అల్ట్రాసౌండ్‌తో వెతికే బ్లూ ప్రోటోకాల్ దారి. 2008లో లిష్టెన్‌స్టైన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 260 మంది రోగుల్లో 90.5 శాతం మందికి ఇది సరైన జబ్బును చూపింది. అంకె గొప్పదే. కానీ మొదట చేర్చుకున్నది 301 మందిని. ఒకటి కంటే ఎక్కువ కారణాలు కలిసి ఉన్నవాళ్లను, కారణం తేలనివాళ్లను, అరుదైన జబ్బుల వాళ్లను లెక్కలోంచి తీసేశారు. మీ ఎదురుగా ఉన్న రోగికి గుండె ఫెయిల్యూర్, న్యుమోనియా రెండూ ఉండొచ్చు. అందుకే ఈ జాబితాను తీర్పుగా తీసుకోవద్దు. జ్వరం ఎప్పటి నుంచి, ఈసీజీ ఏమంటోంది, ఫ్లూయిడ్స్ ఎన్ని వెళ్లాయి అన్నవాటి పక్కన పెట్టి చదవండి.

ఎక్కువగా జరిగే తప్పులు

బి-లైన్ కనిపిస్తే లాసిక్స్. ఇది అన్నిటికంటే ప్రమాదం. నా మొదటి రోజుల్లో ఒక సెప్సిస్ రోగికి రెండు పక్కలా బి-లైన్లు చూసి డైయూరెటిక్ ఇచ్చాను. ప్లూరా గరుకుగా ఉందని, మధ్యలో బాగున్న చోట్లు ఉన్నాయని తర్వాత రికార్డు చేసిన క్లిప్ చూసినప్పుడు గానీ గమనించలేదు. తెల్లారేసరికి బీపీ నిలబెట్టడానికి మందు మోతాదు పెంచాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్లూరా అంచు ఎలా ఉందో రాయకుండా బి-లైన్ అన్న మాట చార్టులో రాయను. పాత ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో బి-లైన్లు ఎప్పుడూ ఉంటాయి. వాళ్ల పాత సీటీ ఉందేమో అడగండి.

ప్రోబ్‌ను వంచి పెట్టడం. ప్లూరాకు లంబంగా లేకపోతే ఎ-లైన్లు మాయమవుతాయి. ఎ-లైన్లూ బి-లైన్లూ రెండూ కనిపించకపోతే ముందు చేయి సరిచేసుకోండి.

గెయిన్ (బొమ్మ వెలుతురు) మరీ పెంచడం. అంతా తెల్లగా మారి, లేని జబ్బు కనిపిస్తుంది. చూసేటప్పుడు మీ చేయి కదిలినా లేని స్లైడింగ్ కనిపిస్తుంది. చిటికెన వేలిని రోగి ఛాతీకి ఆనించి పట్టుకోండి.

లోపలిదంతా కనిపిస్తుందని నమ్మడం. ప్లూరాను తాకని, మధ్యలో ఉన్న జబ్బు దీనికి దొరకదు. ఊపిరితిత్తి అతిగా ఉబ్బిందో లేదో కూడా ఇది చెప్పదు. పీప్ (శ్వాస వదిలాక కూడా వెంటిలేటర్ నిలిపే ప్రెజర్) పెంచాక వెనక వైపు గాలి చేరితే మంచిదే. ముందు వైపు అతిగా సాగిందా అన్నది మాత్రం వెంటిలేటర్ ప్రెజర్లు చూసే తెలుసుకోవాలి.

సరిగా చూశారో లేదో ఎలా తెలుస్తుంది

మొదట తోటి డాక్టర్ మీద చేయండి. ఊపిరి బిగబట్టమంటే స్లైడింగ్ ఆగి, లంగ్ పల్స్ ఒక్కటే మిగులుతుంది. ఆ తేడా కళ్లకు పట్టాక ఐసీయూకి రండి. కనీసం మొదటి 30 స్కాన్లు అనుభవం ఉన్నవారి ముందు చేయండి. ప్రతి చోటా ఆరేడు సెకన్ల క్లిప్ దాచండి. ఆగిన బొమ్మలో స్లైడింగ్ కనిపించదు. సీటీ తీసిన రోగి దొరికితే, రిపోర్టు చూడకముందే మీరు చూసింది రాసి, తర్వాత పోల్చుకోండి.

చికిత్స పని చేస్తోందా అన్నదానికి 12 చోట్లా మార్కులు వేయండి. ఎ-లైన్లు, లేదా రెండు వరకు బి-లైన్లు ఉంటే 0. విడివిడిగా మూడు లేదా అంతకంటే ఎక్కువ బి-లైన్లు ఉంటే 1. అవి కలిసిపోయి తెల్లటి పరదాలా ఉంటే 2. కన్సాలిడేషన్ ఉంటే 3. మొత్తం 0 నుంచి 36. మొత్తం ఒక్కటే కాదు, ఏ చోట మారిందో కూడా రాయండి. పోల్చేటప్పుడు రోగి పొజిషన్, పీప్, ప్రోబ్ మూడూ నిన్నటివే ఉండాలి. వెల్లకిలా ఉన్నప్పటి మార్కును బోర్లా ఉన్నప్పటి మార్కుతో పోల్చకూడదు.

పల్మనరీ ఎడీమాకు డైయూరెటిక్ ఇస్తే, నీరు పోయే కొద్దీ ముందు వైపు బి-లైన్లు తగ్గాలి. తగ్గకపోతే మోతాదు పెంచే ముందు మొదటి అభిప్రాయమే తప్పేమో చూడండి. ఛాతీ ట్యూబ్ వేశాక స్లైడింగ్ తిరిగొచ్చిందో లేదో అదే చోట చూడండి. ఇంట్యుబేషన్ తర్వాత ఎడమవైపు స్లైడింగ్ లేక లంగ్ పల్స్ మాత్రమే ఉంటే, ట్యూబ్ ఎంత లోపలికి వెళ్లిందో చూసి, మెల్లగా వెనక్కి లాగుతూ ప్రోబ్ అక్కడే ఉంచండి. స్లైడింగ్ మొదలైన చోట ఆపి, ట్యూబ్ గుర్తు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో చార్టులో రాసి, అప్పుడు టేపు వేయండి.

చివరగా ప్రోబ్‌ను, దాని కేబుల్‌ను, మీరు నొక్కిన బటన్లను వైప్‌తో తుడిచి, తడి ఆరాకే పక్క బెడ్‌కు తీసుకెళ్లండి.